టేపమ్మ తొడిగిన రెక్కలు

టేపమ్మ మెడలో టేపు లేకుండా చూసినవాళ్ళు ఆ వీధిలో లేరు. నిద్రలో కూడా తీయదని సొంత కూతురే అందరికీ చెప్పి నవ్వేది. చదువు మూడో తరగతితో ఆగిపోయింది. ఆగిపోయిందంటే మాత్రం ఒప్పుకోదు. "నేనే ఆపేశాను. వాళ్ళ దగ్గర నాకు చెప్పడానికి ఇంకేం మిగల్లేదు" అంటుంది. పన్నెండో ఏట కుట్టుమిషన్ ముందు కూర్చుంది, అరవై ఎనిమిదో ఏట కూడా అక్కడే ఉంది. మధ్యలో పెళ్ళి చేసుకుంది, కూతుర్ని కంది, మొగుణ్ణి సాగనంపింది, మూడు మిషన్లు అరగదొక్కింది.

మనిషి గుమ్మంలో అడుగుపెట్టగానే కొలతలు కంటితోనే తీసేసేది. "ఎడమ భుజం దిగింది, సంచీ ఆ పక్కన మోస్తారు కదూ?" అని అడిగితే వచ్చినవాడు నోరు తెరిచేవాడు. చొక్కా పక్కకు లాగుతుందని ఎవరైనా తెస్తే, "చొక్కా బాగానే ఉంది, మీరే వంకరగా ఉన్నారు" అని మొహం మీదే చెప్పేది. చెప్పి, ఆ వంకరకు తగ్గట్టు సరిచేసి ఇచ్చేది. అందుకే తిట్టుకుంటూనే మళ్ళీ వచ్చేవాళ్ళు.

ఆమెది మూడో అంతస్తు. ముందు గది కొట్టు, వెనక గది ఇల్లు. మెట్లకు అవతల ఎదురు గుమ్మం కూతురి అత్తవారిది. అంటే అక్కడ కూతురు, అల్లుడు, వియ్యంకుడు ఉంటారు. ఆ వియ్యంకుణ్ణి అందరూ లిఫ్టాయన అంటారు. నలభై ఏళ్ళు ఊళ్ళో ఉన్న లిఫ్టులన్నీ బాగుచేసి, తను మాత్రం లిఫ్టు లేని ఇంట్లో రోజుకు నాలుగుసార్లు మెట్లెక్కి దిగే మనిషి. మాట పెదవి దాటి రావడానికి ఆయనకు టైము పట్టేది. ఆలోపు టేపమ్మ పది మాట్లాడేసేది. అలా ఇద్దరికీ బాగానే కుదిరింది.

ఒకనాటి ఉదయం లిఫ్టాయన మనిషంత పొడవున్న అట్టపెట్టెను భుజాన వేసుకుని మెట్లెక్కుతూ కనిపించాడు.

"ఆగండన్నయ్యగారూ, నడుం పట్టేసిందంటే మీకు సేవ చెయ్యాల్సింది నా కూతురు. ఓ చివర నాకివ్వండి" అని టేపమ్మ ఎదురెళ్ళి, పంటి బిగువున పెట్టెను పైకెత్తింది. పెట్టె ఆమె అనుకున్నదానికన్నా ఎంత తేలికగా ఉందంటే, ఎత్తిన విసురుకు ఆ చివర పోయి గోడకు తగిలింది.

"ఇందులో ఏమీ లేదే!"

"ఉంది చెల్లెమ్మా. కొయ్య."

పెట్టె విప్పి ఒక పలక తీసి ఆమె అరచేతిలో పెట్టాడు. లేత గోధుమ రంగు, గోరుతో నొక్కితే గోరు దిగింది. చేతిలో వస్తువు ఉన్నట్టు కన్ను చెబుతోంది, లేనట్టు చెయ్యి చెబుతోంది.

"పురుగు లోపలంతా తినేసిందా ఏమిటి?"

"దాని బరువే అంత. బాల్సా చెక్క అంటారు."

"దీంతో ఏం చేస్తారు, బొమ్మ కుర్చీలా?"

"విమానం" అన్నాడు లిఫ్టాయన. ఆమె నవ్వుతుందేమోనని ఓ క్షణం ఆగి, "రెక్కల ఈ చివర నుంచి ఆ చివరకు మూడు మీటర్లు పైనే. రిమోటుతో ఎగరేస్తాను. ఆరు కిలోలు దాటకూడదు" అన్నాడు.

టేపమ్మ నవ్వనైతే నవ్వింది. కాని ఒక చిన్న ముక్క అడిగి తెచ్చుకుంది. కొట్టు తలుపు దగ్గరగా వేసి దాన్ని వాసన చూసింది, నీళ్ళలో ముంచింది, చివరికి పళ్ళ మధ్య పెట్టి కొరికి కూడా చూసింది. చెక్క పీచులా విడిపోయింది, రుచేమీ లేదు. ఇంత పిరికి కొయ్య గాలిలో ఎలా నిలబడుతుందో ఆమెకు అంతుపట్టలేదు. అంతుపట్టనిదాన్ని వదిలిపెట్టడం ఆమె ఒంట్లో లేదు.

అప్పటినుంచి రోజూ మధ్యాహ్నం గిరాకీ పలచబడగానే ఎదురింటికి పోయి స్టూలు లాక్కుని కూర్చునేది. లిఫ్టాయన ప్రతి పలకనూ వంటింటి త్రాసు మీద తూచి, మూలన పెన్సిలుతో బరువు రాసేవాడు. ఒకే కొట్లో కొన్న, ఒకే కొలత పలకలే ఒకటి ఇంకోదానికి రెట్టింపు తూగేవి. అది చూసి టేపమ్మ ఎగిరి గంతేసినంత పని చేసింది, అంత సంతోషం. ఒకే తానులో కూడా మెత్తని చోటూ గట్టి చోటూ ఉంటాయని ఆమె ఎన్నాళ్ళుగానో చెబుతుంటే నమ్మినవాడు లేడు మరి. తేలికవి రెక్కల పక్కటెముకలకీ తోకకీ. గట్టివి రెక్క పొడవునా నడిచే దూలానికి. అంత శ్రద్ధగా చెక్కిన పక్కటెముకల్లో ఆయన మళ్ళీ గుండ్రటి చిల్లులు తీస్తుంటే ఆమె ఉండబట్టలేకపోయింది.

"చిల్లులు పెట్టేవారు చెక్కడం దేనికి?"

"లేని కొయ్యకు బరువు ఉండదు చెల్లెమ్మా."

"మరి తోకలో గోరంత జిగురు ఎక్కువైందని నిన్నంతా గీకారేం?"

"రెక్కల దగ్గర నుంచి చూస్తే తోక ముక్కుకన్నా దూరం. తోకలో ఒక గ్రాము పెరిగితే, దాన్ని నిలబెట్టడానికి ముక్కులో నాలుగు గ్రాముల సీసం పెట్టాలి."

"మా ఆడపడుచులా అన్నమాట" అంది టేపమ్మ. "ఆవిడొక్కతీ వస్తే మేం నలుగురం లేచి నిలబడాలి."

లిఫ్టాయన నవ్వడం కూడా నెమ్మదే. ఉదయం వేసిన జోకుకు సాయంత్రం మెట్లు దిగుతూ నవ్వేవాడు.

లిఫ్టంటే మనుషుల్ని పైకి లాగే పెట్టె కాదని, అవతలి వైపు సరైన బరువు కట్టి వేలాడదీసే త్రాసని ఆయన చెప్పుకొచ్చాడు. పెద్ద మేడల పైన, లిఫ్టు మిషను గదిలో పని చేసేటప్పుడు కిటికీలోంచి ఊరి బయటి మైదానం కనిపించేదట. అక్కడ ఎవరెవరో బొమ్మ విమానాలు ఎగరేసేవాళ్ళట. నలభై ఏళ్ళు గ్రీజు చేతులతో కిటికీ దగ్గర నిలబడి చూశాడు. పని మానేసిన మర్నాడు ఆ చేతులు కడుక్కుని కొయ్య తెచ్చుకున్నాడు.

పద్నాలుగు నెలలు పట్టింది. భోజనాల బల్ల పోయింది, తర్వాత మంచం పోయింది. కూతురు ఓ రోజు నడుం మీద చెయ్యి వేసుకుని, "మావయ్యా, మేం అన్నం ఎక్కడ తినాలి?" అని నిలదీసింది. లిఫ్టాయన గదంతా చూసి, "రెక్క కింద చోటుందమ్మా" అన్నాడు. నిజంగానే అక్కడ చాప వేసుకుని తిన్నారు.

అస్థిపంజరం పూర్తయిన రోజున ఆయన టేపమ్మ కొట్టుకు వచ్చి గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

"ఒక మాట అడుగుతాను చెల్లెమ్మా, కాదనకూడదు."

"కాదంటానో ఔనంటానో ముందు అడగండి."

"రెక్కలకు పట్టు తొడగాలి. నేను తొడిగితే ముడతలు పడుతుంది. మీ చేతికైతే..."

"నా చేతికైతే పడదు. ఆ మాట అనడానికి ఇంత నీళ్ళు నమలాలా? గుడ్డ ఇటివ్వండి."

పలచని తెల్లటి పట్టు. ఒక వైపు మెరుపు, రెండో వైపు మసక. ఒక్కో రెక్కకు పైన ఒక ముక్క, కింద ఒక ముక్క. లిఫ్టాయన కాగితం మీద లెక్క వేసి తెచ్చిన గుడ్డ అది, సరిగ్గా అయిపోయేలా. టేపమ్మ ఆ కాగితాన్ని పక్కకు నెట్టి, గుడ్డను నేల మీద పరిచింది. మోకాళ్ళ మీద కూర్చుని రెండుసార్లు టేపు జరిపింది. రెక్క ముక్క చివరకు పోనుపోను సన్నబడుతుంది కదా, ఒకదాని లావు పక్కన ఇంకోదాని సన్నం వచ్చేలా, కొంచెం వాలుగా పడుకోబెట్టి కోసింది. నాలుగు ముక్కలూ వచ్చాక ఇంకో రెక్కకు సరిపడా మిగిలింది.

"చూశారా? మీ లెక్క మీ దగ్గరే ఉంచుకోండి" అని మిగిలిన ముక్కను మడిచి ఆయన చేతిలో పెట్టింది.

తొడిగేటప్పుడు లిఫ్టాయన అన్నాడు, "మెరుపు వైపు ఎటున్నా ఫరవాలేదు చెల్లెమ్మా. గాలికి తెలియదు."

"గాలికి తెలియకపోతే పోయె, నాకు తెలుసు" అని నాలుగు ముక్కలూ మెరుపు బయటికే ఉండేలా వేసింది. అంచులు ఎక్కడ మొదలయ్యాయో ఎక్కడ ముగిశాయో వేలితో తడిమినా దొరకదు. పైన లిఫ్టాయన వెడల్పాటి కుంచెతో ఘాటు వాసన వార్నిష్ పూశాడు. ఆ వాసనకు కూతురు దిండు చంకన పెట్టుకుని వచ్చి రెండు రోజులు తల్లి దగ్గరే ఉంది. ఆ పూత ఆరే కొద్దీ బట్టను బిగిస్తుందట. వదులుగా వేలాడిన పట్టు పొద్దుటికల్లా డప్పులా మోగింది. టేపమ్మ ఆశ్చర్యంగా వేలితో మీటి చూసింది.

"ఇంక లాగదా?"

"లాగుతుంది. పైకి ఆరిపోయినట్టే ఉంటుంది కాని, రోజుల తరబడి కొంచెం కొంచెం లాగుతూనే ఉంటుంది."

ఆ రోజు ఆయన రసమట్టం పెట్టి చూశాడు. రెక్కలు గీత గీసినట్టు ఉన్నాయి. మొత్తం విమానం అయిదు కిలోల ఎనిమిది వందల గ్రాములు తూగింది. ఆ తర్వాత ఈదురు గాలులు మొదలై మూడు వారాల దాకా తగ్గలేదు. విమానం గోడకు ఆనుకుని ఆగింది.

మైదానంలో కొత్త విమానాలకు ఒక పద్ధతి ఉంది. అక్కడ పెత్తనం చేసే ఈలాయన ముందు ఒక చుట్టు తిన్నగా ఎగిరి దిగాలి. ఆయన మెడలో ఈల ఉంటుంది, సరే అనుకుంటే ఈల వేస్తాడు. వేశాకే మిగతావాళ్ళతో కలిపి ఎగరనిస్తారు. మునుపు బళ్ళో డ్రిల్లు మాస్టారుగా చేశాడు కాబోలు, నిలబడమంటే పక్షులు కూడా నిలబడేలా ఉంటాడు.

గాలులు తగ్గాక అక్కడికి తీసుకెళ్తే, విమానం పది అడుగులు పరుగెత్తిందో లేదో లేచిపోయింది. ఎండకు ఆ తెల్లటి రెక్కల్లోంచి పక్కటెముకలన్నీ కనిపించాయి. టేపమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని చూస్తూ ఉండిపోయింది. ఇంతలో విమానం ఎడమకు ఒరిగింది. లిఫ్టాయన కుడికి నొక్కాడు, సర్దుకుంది. వదిలాడు, మళ్ళీ ఒరిగింది. చుట్టంతా అలా బలవంతంగా పట్టుకు తిప్పి, చెమటలు కక్కుతూ కిందికి దించాడు. ఒక చక్రం వంగింది. ఎడమ రెక్క కొస గడ్డిలో గీసుకుంది.

ఈలాయన వచ్చి, విమానం వెనక మోకాలి మీద కూర్చుని ఒక కన్ను మూసి చూశాడు. "రెక్కలు మెలిక తిరిగాయి పెద్దాయనా. ఎడమదాని వెనక అంచు పైకి లేచింది, కుడిదాని వెనక అంచు కిందికి దిగింది. ఇది సరిచేసేదాకా ఇక్కడ ఎగరెయ్యడం కుదరదు." లేచి, పట్టు మీద చెయ్యి వేశాడు. "బట్ట మాత్రం ఎంత బాగా వేశారు! ఎవరు?"

"నేను" అంది టేపమ్మ. అక్కడ పదిమందీ తనవైపు తిరిగేసరికి మెడ ఇంకో అంగుళం నిక్కింది. "బట్టకు తిరుగులేదు. ఇక కొయ్య సంగతి అంటారా, అది చేసినవారిని అడగండి."

నలుగురూ నవ్వారు. లిఫ్టాయన వంగిన చక్రాన్ని చేత్తో తిన్నగా వంచుతూ, "నిజమే, కొయ్యదే" అన్నాడు.

ఇంటికొచ్చి ఆయన సీలింగు నుంచి గుండు కట్టిన దారాలు వేలాడదీసి రెక్కలు కొలిచాడు. ఈలాయన చెప్పినట్టే ఉంది. ఎడమది పైకి అర వేలు, కుడిది కిందికి అర వేలు. బరువు తగ్గుతుందన్న ఆశతో దూలాల్లో ఒకచోట మెత్తని పలక వాడానని, అదే వంగి ఉంటుందని తేల్చుకున్నాడు. మర్నాడు రెక్కలు కోసి దూలం బయటికి తియ్యాలి. దూలం తీస్తే పక్కటెముకలు నిలవవు. అంటే మళ్ళీ మొదటి పలక దగ్గర నుంచి.

సాయంత్రం కూతురు వచ్చి గుమ్మానికి ఆనుకుని నిలబడింది.

"మావయ్య అన్నం కెలికి లేచిపోయారమ్మా. అంతమందిలో ఆ మాట అనకపోతే ఏం పోయింది?"

"ఉన్నమాటే కదే అన్నాను."

"ఉన్నమాటకి ఊరంతా వినేలా మైకు పెట్టాలా?"

"నువ్వెప్పట్నుంచే అత్తారింటి పార్టీ?" అని కూతుర్ని నవ్వించి పంపేసింది గాని, ఆ తర్వాత సూదిలోకి దారం ఎక్కించడానికి నాలుగుసార్లు పట్టింది. కూతురు అన్న మాట వల్ల కాదు. ఇంకేదో పొడుస్తోంది, చొక్కాలో మరిచిపోయిన గుండుసూదిలా. రెండు రెక్కల దూలాలూ ఒకే తీరుగా చేసినవి. కొయ్య బలహీనమై వంగితే రెండు చివర్లూ కిందికో పైకో పోవాలి. ఒకటి ఇటూ ఒకటి అటూ ఎందుకు తిరుగుతుంది? పైగా పూత ఆరిన రోజున తిన్నగానే ఉంది కదా? తను కళ్ళారా చూసింది. గోడకు ఆనించి ఉన్న కొయ్యను మూడు వారాల్లో మెలిపెట్టిందెవరు?

పొద్దున్నే లిఫ్టాయన కొత్త రంపపు బ్లేడు కొనడానికి వెళ్ళాడని తెలిసి ఎదురింటికి వెళ్ళింది. విప్పి పెట్టిన కుడి రెక్కను రెండు చేతుల మీదా ఎత్తి కిటికీ దగ్గరికి తీసుకెళ్ళింది. వెలుతురు పట్టులోంచి వచ్చింది. కొయ్య వైపు చూద్దామని పట్టుకుంది, కాని ఆమె కన్ను కొయ్య మీద ఎప్పుడు ఆగిందని? పోగుల మీదికి పోయింది. నిలువు పోగులన్నీ రెక్క ముందు అంచు నుంచి వెనక అంచుకు ఏటవాలుగా పాకుతున్నాయి.

పదిహేనేళ్ళప్పుడు కుట్టిన ప్యాంటు ఒకటి గుర్తొచ్చింది. గుడ్డ కలిసొస్తుందని వాలుగా కోసింది అప్పుడు. రెండు ఉతుకులకు కాళ్ళ కుట్లు మెలికలు తిరిగి పిక్కల ముందుకు వచ్చేశాయి. పని నేర్పిన పిన్ని ఆ ప్యాంటును మొహాన కొట్టి, "నిలువు పోగు తనకి నచ్చినట్టు పోతుందే, నువ్వు కోసినట్టు పోదు" అంది. తడిసి బిగిసే గుడ్డ ఏదైనా అంతే. ఇది పూతకు తడిసి బిగిసిన గుడ్డ.

ఎడమ రెక్కనూ ఎత్తి చూసింది. అదే వాలు. ముక్కలు నాలుగూ మెరుపు బయటికి పెట్టి వేసింది కాబట్టి నాలుగింటి వాలూ ఒక్కలాగే వచ్చింది. కుడి చేతికీ ఎడమ చేతికీ రెండూ కుడి చొక్కా చేతులే తొడిగినట్టు. ఒక రెక్కను కిందికి పిండితే ఇంకోదాన్ని పైకి పిండింది. కొయ్య ఏమీ చెయ్యలేదు. పాపం, తన బలం కొద్దీ తట్టుకుంది.

టేపమ్మ స్టూలు మీద కూలబడింది. ఈ పోగుల సంగతి ఈ ఇంట్లో ఇంకెవరికీ తెలియదు. నోరు మూసుకుంటే చాలు. ఆయన కొయ్యను కోసుకుంటాడు, మళ్ళీ ఏడాది చేసుకుంటాడు, మళ్ళీ తన దగ్గరికే వస్తాడు. అప్పుడు నిలువుగా కోసి తొడుగుతుంది. విమానం తిన్నగా పోతుంది. కొయ్య మార్చడం వల్లే బాగుపడిందని అందరూ అనుకుంటారు. మైదానంలో అన్న మాట అలాగే నిలబడి ఉంటుంది. ఎవరికీ ఏ నష్టమూ ఉండదు, ఆయన ఏడాది తప్ప. ఆయనకు డెబ్బై రెండు.

లిఫ్టాయన వచ్చాడు. ఆమెకు తల ఊపి, రంపానికి బ్లేడు బిగించుకుని, కుడి రెక్క మీద పెన్సిలుతో గీత గీశాడు.

"ఆగండి" అంది టేపమ్మ. "కొయ్యది కాదు తప్పు. గుడ్డది. నేను వాలుగా కోశాను."

ఆయన రంపం దించి ఆమె మొహంలోకి చూసి చిన్నగా నవ్వాడు. "నిన్న అన్నదానికి బాధపడుతున్నారా? నేనేమీ అనుకోలేదు చెల్లెమ్మా. నన్ను ఊరడించడానికని మీ నెత్తిన వేసుకోకండి."

టేపమ్మకు చిర్రెత్తుకొచ్చింది. "ఊరడించడమా! అరవై ఎనిమిదేళ్ళలో నేనెవర్నైనా ఊరడించగా చూశారా మీరు?"

"లేదు" అన్నాడాయన నిజాయితీగా.

"మరి! నా తప్పు నాదని చెబితే మంచితనం అంటారేమిటి? నన్ను అంత మాట అంటారా?"

"ఇంత పలచటి పట్టు చెల్లెమ్మా. ఊదితే ఎగిరిపోతుంది. అది కొయ్యను వంచుతుందా?"

"మీ కొయ్య పంటికింద పెడితే పిండవుతుంది! అది గుడ్డ ముందు నిలబడుతుందా?" అని అరిచేసి, పంటికింద ఎప్పుడు పెట్టారని ఆయన అడిగేలోగా మాట తిప్పింది. "రంపం అక్కడ పెట్టండి. పూతను కరిగించే నీళ్ళు మీ దగ్గరే ఉన్నాయిగా. కుడి రెక్కకు గుడ్డ ఊడదీద్దాం. అప్పటికీ కొయ్య వంకరగానే ఉంటే కోసుకోండి, నేను పట్టుకుంటాను. తిన్నగా అయితే నా తప్పని ఒప్పుకోండి."

తన తప్పును ఎదుటివాడి చేత ఒప్పించడానికి టేపమ్మ అంత కష్టపడాల్సి వస్తుందని ఎవరూ అనుకుని ఉండరు, ఆమెతో సహా. కూతురు పొయ్యి కట్టేసి మరీ వచ్చి నిలబడింది. దూది ఉండలు ముంచి అంచులు తడిపారు. పూత మెత్తబడ్డాక టేపమ్మే పట్టు పట్టుకుని, పుండు మీద కట్టు విప్పినంత నెమ్మదిగా లాగింది. పై ముక్క వచ్చింది. కింది ముక్క సగం వచ్చేసరికి లోపల ఎక్కడో కొయ్య టిక్కుమంది. పక్కటెముక విరిగిందేమోనని లిఫ్టాయన చెయ్యి వేసి తడిమాడు. ఏదీ విరగలేదు. మిగతా గుడ్డ ఊడి వచ్చింది.

ఆయన గుండు దారాలు దగ్గరికి జరిపి చూశాడు. దారాలు మార్చి చూశాడు. రసమట్టం పెట్టి, దాన్ని తిప్పి మళ్ళీ పెట్టి చూశాడు. ఏ దారాన్ని అడిగినా రెక్క తిన్నగానే ఉందంది.

"ఒప్పుకున్నారా?" అంది టేపమ్మ.

"ఒప్పుకున్నాను."

"నోటితో అనండి."

"తప్పు మీదే చెల్లెమ్మా" అన్నాడు లిఫ్టాయన. అని, ఆ సన్నటి కొయ్యను ఈ చివర నుంచి ఆ చివరకు చేత్తో నిమిరాడు. కూతురు మొహం పక్కకు తిప్పుకుంది.

తర్వాత ఎడమ రెక్క సంగతి వచ్చింది. అది కూడా ఊడదీద్దామని టేపమ్మ దూది తీసుకుంటే ఆయన ఆపాడు. రెక్క కొసన వెనక అంచు కొంచెం పైకి ఉండటం మంచిదేనట, దిగేటప్పుడు విమానం తూలకుండా ఉంటుందట. కుడిది కూడా సరిగ్గా అంతే తిరిగితే చాలు.

"అంటే కుడిదానికి వాలు అటునుంచి ఇటు పడాలి" అంది టేపమ్మ. మిగిల్చిన ముక్క తెప్పించి పరిచింది. ఆమె కోసిన వాలుకే దాని రెండు చివర్లూ తెగి ఉన్నాయి. ఎలా తిప్పినా రెక్క దాని మీద ఒక్క తీరుగానే పడుతోంది, మళ్ళీ ఆ పాత వాలుగానే. టేపు మూడుసార్లు జరిపింది. దారి ఒక్కటే ఉంది. గుడ్డను బోర్లా తిప్పాలి. మెరుపు లోపలికి, మసక బయటికి.

ఆమె పడుతున్న యాతన చూసి లిఫ్టాయన అన్నాడు, "కొత్త గుడ్డ తెస్తాను. రెండూ మొదటినుంచి వేద్దాం."

"ఉన్న గుడ్డ ఉండగా కొత్తదా? నా కొట్లో అలాంటి దుబారా జరగదు" అంది టేపమ్మ. అంది గాని కత్తెర పట్టుకుని కాసేపు ఊరికే కూర్చుంది. ఇన్నేళ్ళలో గుడ్డ తిరగేసి వేసిన వస్తువు ఏదీ ఆమె గుమ్మం దాటలేదు. చివరికి ముక్కను బోర్లా తిప్పింది.

ఈసారి ఎవరూ రసమట్టాన్ని ఒక్కరోజుతో నమ్మలేదు. టేపమ్మ రోజూ పొద్దున్నే టీ గ్లాసు పట్టుకుని వెళ్ళి, దారానికీ అంచుకూ మధ్య సందు తన టేపుతో కొలిచేది. మొదటివారం ఏమీ లేదు. రెండోవారం ఒక నూలుపోగంత పైకి. మూడోవారం ఇంకొంచెం. పాకే పురుగును చూసినట్టు చూసేది దాన్ని. నాలుగోవారానికి రెండు రెక్కలూ ఒకదానికొకటి అద్దంలో చూసుకున్నట్టు వచ్చి ఆగిపోయాయి. ఇంకో వారం ఆగారు, కదల్లేదు.

మైదానంలో ఈలాయన మళ్ళీ ఒక కన్ను మూసి చూశాడు. రెండో కన్ను తెరిచి కూడా చూశాడు. ఎడమ రెక్క ఎండకు మెరుస్తోంది, కుడి రెక్క సుద్ద పూసిన గోడలా ఉంది.

"మెలిక పోయింది. కాని ఇదేమిటి, ఈ రెక్కకు గుడ్డ తిరగేసి వేశారు? ఎవరి పని?"

చుట్టూ మునుపటి మనుషులే. లిఫ్టాయన ముందుకు జరిగాడు. "అది... నేనే, బరువు చూసుకుని..."

"మీకు అబద్ధం ఆడటం రాదు, ఊరుకోండన్నయ్యగారూ" అంది టేపమ్మ. ఈలాయన వైపు తిరిగి, మిగతావాళ్ళకు కూడా వినపడేలా గొంతు పెంచింది. "నా పని. మొదట వాలుగా కోసి రెక్కలు మెలిపెట్టింది నేను. కొయ్యలో ఏ లోపమూ లేదు, అప్పుడూ లేదు ఇప్పుడూ లేదు. ఇక్కడే నిలబడి కొయ్యని అన్నాను, అందుకే ఇక్కడే నిలబడి చెబుతున్నాను. నవ్వేవాళ్ళుంటే కానివ్వండి, తొందరగా. గాలి తగ్గి ఉండగా ఎగరెయ్యాలి."

ఎవరూ నవ్వలేదు. ఒకాయన మాత్రం, "వాలుగా కోస్తే మెలిక తిరుగుతుందా?" అని పక్కనున్నవాణ్ణి అడిగాడు. ఆ పక్కవాడు తన చేతిలోని విమానం రెక్క వైపు అనుమానంగా చూసుకున్నాడు.

విమానం లేచింది. లిఫ్టాయన రెండు బొటనవేళ్ళూ రిమోటు మీద ఉన్నాయి. కొంత ఎత్తుకు వెళ్ళాక వాటిని మెల్లగా పైకి తీసేశాడు. ఏమీ పట్టుకోకుండా నిలబడ్డాడు. విమానం తనంతట తాను, దారం కట్టి లాగినట్టు, మైదానం ఈ చివర నుంచి ఆ చివరకు తిన్నగా పోయింది. ఈల మోగింది.

టేపమ్మ దాని వెంటే మెడ తిప్పుతోంది. తలమీదుగా వెళ్ళినప్పుడు చూసింది, కింది నుంచి ఎండకు ఎదురుగా రెండు రెక్కలూ ఒకే రంగు. ఏది మెరుపో ఏది మసకో ఆమెకే తెలియలేదు. ఇది కూడా చూసుకోవాల్సిన సంగతే అనుకుంది. అంత మెల్లగా పోతున్నది కింద ఎందుకు పడదో కూడా ఆయన్ని మళ్ళీ మొదట్నుంచి అడగాలి. పోయినసారి చెప్పింది సగమే అర్థమైంది, అర్థమైనట్టు తల ఊపేసింది.

"అమ్మగారూ" అని ఎవరో పక్కకు వచ్చారు. ఇందాకటి అనుమానం మనిషే, చంకలో రెక్క పెట్టుకుని. "మాది కుడికి లాగుతోందండీ ఆరునెలలుగా. ఒక్కసారి చూస్తారా?"

"వెలుతురుకు ఎదురుగా పట్టుకుని ఉండు" అంది టేపమ్మ, తల దించకుండానే. "అది దిగనీ, వస్తాను."